ఒక మెదడు, రెండు సాక్ష్యములు

మనుష్యుని మెదడులోని నీటియణువులు క్షణమాత్రమైనను నిలువక సంచరించుచుండును. నాడీతంతువులు కట్టలుగా సాగిన తావుల నవి తంతువుల వెంబడి సులభముగను, అడ్డముగా గష్టముగను గదలును. ఈ దిగ్భేదమును, కదలిక యన్నిదిక్కుల సమానమైనచో 0 యనియు, ఒక్క దిక్కునకే పరిమితమైనచో 1 యనియు, సంఖ్యారూపమున దెలుపు విద్య డిఫ్యూజన్ ఎమ్మారై. కాని యొక్క మనుష్యునే 1.5 టెస్లాల యంత్రమున నొకమాఱును, 3 టెస్లాల యంత్రమున మఱియొకమాఱును బరీక్షించినచో నా సంఖ్యలు సరిగా నేకీభవింపవు. అయస్కాంతబలము, గ్రేడియంటు చుట్టల నిర్మాణము, సంకేతమును గ్రహించు కాయిలు, దానిని జిత్రముగా మార్చు సాఫ్ట్‌వేరు, వీనిలో బ్రతిదియు దన ముద్రను సంఖ్యపై నుంచును. మెదడొక్కటి, సాక్ష్యములు రెండు, ఏది సత్యము?

ఈ ప్రశ్న మన దార్శనికులకు గ్రొత్తది కాదు. జ్ఞానమునకు బ్రామాణ్యము స్వతస్సిద్ధమనియు, కారణదోషము గాని బాధకజ్ఞానము గాని పొడసూపునంతవఱకు దానిని శంకింప బనిలేదనియు మీమాంసకులు చెప్పిరి. ప్రామాణ్యము పరతోగ్రాహ్యమనియు, ఆ జ్ఞానము ననుసరించి ప్రవర్తించినపుడు కలుగు సాఫల్యమువలన దాని ననుమింపవలెననియు నైయాయికులు వాదించిరి. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహదీపికలో నీ వివాదమును జర్చించి న్యాయపక్షమునే నిలిపెను. ఆసుపత్రిలో నొక్క యంత్రమే యున్నంతకాలము మీమాంసకుని మాట చెల్లుచుండును: వైద్యుడు దాని సంఖ్యను నమ్మును, నమ్ముట తప్పును గాదు. రెండవ యంత్రము వచ్చి వేఱు సంఖ్య చెప్పినంతనే సంశయము తలసూపును. అయినను మొదటిదానిని ద్రోసివేయు నధికారము రెండవదాని కెక్కడిది?

కావున నుభయమునకు వెలుపలనున్న యాధారమును వెదకవలసివచ్చెను. మంచుతో గూడి 0 డిగ్రీల సెంటీగ్రేడున నిలిచిన నీటి వ్యాపనగుణకము సెకనుకు సుమారు 0.0011 చదరపు మిల్లీమీటర్లు. ఏ యంత్రమైనను ఈ విలువను జెప్పియే తీరవలెను. కాని నీటికి దంతువులు లేవు, దిక్కులు లేవు. మెదడు విషయమున నది యర్ధసాక్షియే. అందువలన గొందఱు మనుష్యులనే యొక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు గొనిపోయి పరీక్షింతురు. అదియు సాధ్యము కానిచోట గణాంకశాస్త్రమును శరణు జొత్తురు: జన్యుప్రయోగములకై 2007లో వెలువడి, 2017లో డిఫ్యూజన్ కొలతలకు వర్తింపజేయబడిన కాంబ్యాట్ పద్ధతి, యొక్కొక్క యంత్రము సంఖ్యల నెంత జరుపుచున్నదో, ఎంత చెదరగొట్టుచున్నదో యంచనావేసి, యా భాగమును దొలగించును.

ఇచటనే పెద్ద ప్రమాదమున్నది. ఒక యంత్రము వృద్ధులనే, మఱియొకటి యువకులనే చూచియుండెనేని, యంత్రభేదమును వయోభేదమును విడదీయరాని రీతిని బెనవైచుకొనును. మొదటిదానిని దుడిచివేసితిమని సంతసించువారు రెండవదానిని గూడ దుడిచివేసియుందురు. అపుడు సంఖ్యలన్నియు నేకీభవించును, సత్యము నశించును. ఏకీభావమే ప్రామాణ్యమని భ్రమించుటకు మించిన దోషము లేదు. సవరింపబడిన కొలతలలో వార్ధక్యము వలని మార్పు, వ్యాధి వలని మార్పు యథాతథముగా నిలిచినవా యని చూచుటయే నైయాయికుడు కోరిన సాఫల్యపరీక్ష. యంత్రదోషమును దొలగించు నేర్పుకంటె, తొలగింపరాని మానుషభేదమును గుర్తించు వివేకము గొప్పది. ఆ సంఖ్యలను నమ్మి రేపొక వైద్యుడు రోగికి మాట చెప్పవలసియున్నది గనుక, ఈ వివేకము శాస్త్రజ్ఞునకు విధ్యుక్తధర్మమని నా దృఢవిశ్వాసము.