ఖాళీ కాని నేల: ఉమ్మడి భూమి, ఉద్యాన సంకల్పం, మాటలేని పక్షాలు

ఉపోద్ఘాతం

తెలుగులో ‘పోరంబోకు’ అన్న మాటకు రెండు వాడుకలున్నాయి. రెవెన్యూ దస్త్రాల్లో అది ఒక భూమి తరగతి పేరు. జనవ్యవహారంలో అది తిట్టు. పనీపాటా లేకుండా తిరిగేవాణ్ణి ఆ మాటతో నిందిస్తారు. తమిళంలోని ‘పుఱంపోక్కు’ నుంచి వచ్చిన ఈ పదానికి మూలార్థం వెలుపల ఉన్నది అని. రెవెన్యూ పరిభాషలో శిస్తు లెక్కకు వెలుపల నిలిచిన నేల. చెరువు, వాగు, శ్మశానం, మందబయలు మొదలైనవి ఈ తరగతిలోకి వస్తాయి. ఇవి ఎవరి పట్టాలోనూ లేనివి, ఊరంతా వాడుకొనేవి. శిస్తు కట్టని నేల పేరు పనికిరాని మనిషి పేరుగా మారిన ఈ అర్థాపకర్ష వెనుక ఒక విలువ నిర్ణయం ఉంది: ఖజానాకు రాబడి తేనిది నిరుపయోగం.

నగరాలు పెరుగుతున్న కొద్దీ ఇటువంటి నేలను ఏం చేయాలన్న ప్రశ్న తరచుగా ఎదురవుతోంది. అమ్మాలా, కట్టాలా, ఉద్యానవనంగా తీర్చిదిద్దాలా అన్నది సాధారణంగా చర్చకు వచ్చే రూపం. ఈ వ్యాసం దానికి ముందుండే ప్రశ్నను పరిశీలిస్తుంది: తనది కాని నేల భవిష్యత్తును నిర్ణయించే నైతికాధికారం వర్తమాన తరానికి ఏ మేరకు ఉంది?

‘ఖాళీ’ అన్న భావన

ఖాళీ స్థలం అన్న మాట వర్ణనలా కనిపిస్తుంది కాని, అందులో తీర్పు దాగి ఉంది. కంచ గచ్చిబౌలి ఉదంతం ఇందుకు దగ్గరి ఉదాహరణ. హైదరాబాదు విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న సుమారు 400 ఎకరాలను ఐటీ అభివృద్ధికి వినియోగించాలని తెలంగాణ ప్రభుత్వం సంకల్పించగా, విద్యార్థులు, పర్యావరణవాదులు వ్యతిరేకించారు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించింది. యాజమాన్య వివాదం న్యాయస్థానాల పరిధిలోనిది. ఇక్కడ దానితో పనిలేదు. ఒకే నేలను ఒక పక్షం అభివృద్ధికి నోచుకోని ప్రభుత్వ భూమిగాను, మరో పక్షం జింకలు, నెమళ్లు, నీటి గుంటలు, బండరాళ్లు కలిసిన జీవావరణంగాను చూడటం గమనించదగినది. ఆ ఊరి పేరులోనే సాక్ష్యం ఉంది. ‘కంచ’ అంటే పశువుల మేతకు వదిలిన బీడు, చిట్టడవి. ఆ నేలకు ఒకప్పుడు ఉన్న ఉపయోగమే దాని పేరయింది. దస్త్రంలో ఖాళీగా కనిపించే చాలా నేలలు స్థలనామంలో ఖాళీగా ఉండవు.

వనం ఒక సంతానం

మన సంప్రదాయం వనాన్ని సప్తసంతానాల్లో ఒకటిగా లెక్కించింది. పుత్రుడు, తటాకం, కావ్యం, నిధి, దేవాలయం, అగ్రహారం, వనం. ఈ ఏడింటినీ కలిపే సూత్రం ‘సంతానం’ అన్న పదంలోనే ఉంది. ‘తను’ ధాతువుకు విస్తరించడమని అర్థం. తెగిపోకుండా సాగేది సంతానం. కట్టించినవాడు పోయిన తరువాత కూడా చెరువు నిండుతుంది, నాటినవాడు లేని కాలంలోనూ తోట నీడనిస్తుంది.

ఈ భావన నేటి చర్చకు రెండు విధాల ఉపకరిస్తుంది. ఇంకా పుట్టనివారికి హక్కులెలా ఉంటాయన్నది తాత్త్వికులు తరచుగా లేవనెత్తే ఆక్షేపం. హక్కుదారు లేకుండా హక్కు ఉండదన్నది తర్కబద్ధంగానే తోస్తుంది. అయితే సప్తసంతాన భావన హక్కుతో మొదలు కాదు, కర్తవ్యంతో మొదలవుతుంది. చెరువు తవ్వించేవాడు దాని నీళ్లు తాగబోయేవారి పేర్లు తెలుసుకోనక్కరలేదు. అనుభోక్త అనిశ్చితుడైనంత మాత్రాన కర్తవ్యం అనిశ్చితం కాదు.

రెండవది ఈ భావనకున్న పరిమితి. సంతాన ప్రతిష్ఠ చేసిన రాజు గాని, సంపన్నుడు గాని తన కీర్తిని ఆశించి, తన అధీనంలోని ద్రవ్యాన్ని వెచ్చించాడు. ఉమ్మడి నేల విషయంలో పాలకుడు దాత కాలేడు. తనది కానిదాన్ని దానమిచ్చి కీర్తి పొందడం కుదరదు. ప్రకృతి వనరులకు రాజ్యం ధర్మకర్త మాత్రమేనని కమల్‌నాథ్ కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పిన సిద్ధాంతం ఈ లోటును పూరిస్తుంది. వనాన్ని సంతానంగా భావిస్తే, పాలకుడు ఆ సంతానానికి సంరక్షకుడే, తండ్రి కాడు.

ఖాండవంలో మిగిలినవారు

ఆదిపర్వంలోని ఖాండవదహనాన్ని ఈ కోణంలో మళ్లీ చదవవలసి ఉంది. ఆ ఘట్టంలోనే మందపాలోపాఖ్యానం వస్తుంది. సంతానం లేని కారణంగా పుణ్యలోకఫలం దక్కని మందపాలుడు శార్ఙ్గక పక్షిగా పుట్టి, జరిత యందు నలుగురు కొడుకులను కన్నాడు. సంతానం కోసం అతడు ఆశ్రయించిన వనమే దగ్ధమైంది. మందపాలుడు ముందుగానే అగ్నిని స్తుతించి అభయం పొందాడు. ఆ పిల్లలూ అగ్నిని స్తుతించి బతికాయి. మయుడు అర్జునుణ్ణి శరణు వేడి బయటపడ్డాడు. తక్షకుని కొడుకు అశ్వసేనుడు తల్లి ప్రాణాలకు వెలగా తప్పించుకున్నాడు.

కథ అగ్ని ఆకలిని, వీరుల పరాక్రమాన్ని కీర్తిస్తూనే మరో వాస్తవాన్ని నమోదు చేసింది. ప్రాణాలు దక్కినవారిలో ఎక్కువమంది మాట్లాడగలిగినవారు, స్తుతించగలిగినవారు, శరణు కోరగలిగినవారు. తక్కిన ప్రాణులకు ఆ విద్య లేదు. తరువాత సభాపర్వంలో ధర్మరాజు కోసం అపూర్వమైన సభను నిర్మించినవాడు ఆ దహనం నుంచి బయటపడిన మయుడే కావడం యాదృచ్ఛికంగా తోచదు.

నేటి ప్రజాభిప్రాయ సేకరణ సభల్లోనూ ఇదే నియమం పనిచేస్తుంది. అర్జీ రాయగలిగినవారి అభిప్రాయం దస్త్రంలోకి ఎక్కుతుంది. ఉదయపు నడకకు బాట కావాలని కోరే కాలనీవాసి గొంతు వినబడుతుంది. అదే నేలలో మేకలు మేపుకొనేవాడు, కట్టెలు ఏరుకొనే స్త్రీ, గూడు కట్టుకొన్న పక్షి, రాబోయే శతాబ్దపు పౌరుడు సభకు రారు. రానివారి పక్షాన ఎవరు మాట్లాడాలన్నదే అసలు ప్రశ్న.

రెండు మేళ్ల మధ్య

ఉద్యానానికి ఎదురు నిలిచేది ప్రతిసారీ లోభమే అయితే నైతిక సమస్య సులభమయ్యేది. ఆసుపత్రి, ఇళ్లు, ఉపాధి వంటి నిజమైన మేళ్లు ఎదురైనప్పుడే అది కఠినమవుతుంది. బెంగళూరు రాజమహల్ విలాస్ విస్తరణలో ఉద్యానానికి ఉంచిన స్థలాన్ని ప్రభుత్వాదేశంతో ఒక ప్రైవేటు ట్రస్టుకు ఆసుపత్రి నిమిత్తం కేటాయించారు. స్థానికులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తేల్చింది. ఆరుబయలు అందరికీ చెందే ప్రయోజనమని, ప్రైవేటు వైద్యశాల దానికి ప్రత్యామ్నాయం కాదని ఆ తీర్పు సారాంశం.

అయినా ఒక సందేహం మిగులుతుంది. అది పేదలకు ఉచితంగా వైద్యమందించే ప్రభుత్వాసుపత్రి అయి ఉంటే? ప్రయోజనాల తూకంలో ఉద్యానం ఓడిపోదా? ఓడిపోవచ్చు. అందుకే తూకం ఒక్కటే కొలమానమైతే ఏ ఉద్యానమూ ఎక్కువకాలం నిలవదు. ప్రతి దశాబ్దంలోనూ అంతకంటె అత్యవసరమైన మేలు ఒకటి ముందుకు వస్తూనే ఉంటుంది. తక్కెడలో ఒకవైపు నేటి అవసరం తన గొంతుతో ఉంటుంది, రెండవవైపు రేపటి అవసరం మౌనంగా ఉంటుంది.

ఈ అసమానతను సరిదిద్దడానికి ఒక సూత్రాన్ని ప్రతిపాదించవచ్చు. రాలేనివారిని సంప్రదించడం అసాధ్యం కాబట్టి, వారు వచ్చినప్పుడు మార్చుకోగలిగే నిర్ణయమే తీసుకోవాలి. ఆరుబయలును రేపు ఎవరైనా కట్టడంగా మార్చగలరు. కట్టడాన్ని తిరిగి చిట్టడవిగా మార్చడం దాదాపు అసాధ్యం. నేలను తెరచి ఉంచడమంటే రాబోయేవారి నిర్ణయస్వేచ్ఛను తెరచి ఉంచడం. ఇందులో ఒక వైపరీత్యం ఉంది. ఏ గుణం భవిష్యత్తుకు స్వేచ్ఛనిస్తుందో, ఆ గుణమే వర్తమానానికి ఆశ పుట్టిస్తుంది. తెరచి ఉన్నందువల్లనే అది ఖాళీగా కనిపిస్తుంది.

ఈ సూత్రం మొండి నిషేధంగా మారనక్కరలేదని బెర్లిన్ నగరానుభవం సూచిస్తుంది. అక్కడి టెంపెల్‌హోఫ్ విమానాశ్రయం 2008లో మూతపడి, 2010లో ప్రజలకు ఆరుబయలుగా తెరచుకొంది. అంచుల్లో ఇళ్లు నిర్మించాలన్న ప్రభుత్వ ప్రణాళికను 2014లో పౌరులు ప్రజాభిప్రాయ ఓటింగులో తిరస్కరించి, ఆ మైదానాన్ని చట్టంతో కాపాడుకొన్నారు. శరణార్థుల రాక పెరిగినప్పుడు, 2016లో ఆ చట్టాన్ని సవరించి అంచుల్లో తాత్కాలిక వసతికి అవకాశమిచ్చారు. ఆ సవరణ విమర్శలకు గురైంది. అయినా ‘తాత్కాలికం’ అన్న షరతు నైతికంగా విలువైనది. ఆపదలో ఉన్నవారి గొంతును వింటూనే, ఇంకా రానివారి వాటాను శాశ్వతంగా తీసివేయకుండా ఉండే దారిని అది చూపుతుంది.

ఉద్యానమే కంచె అయినప్పుడు

ఉద్యాన సంకల్పం దానంతట అది నిర్దోషమని భావించడం పొరపాటు. ప్రహరీ, ప్రవేశ రుసుము, వేళలు, పచ్చిక బయలు, అలంకార వృక్షాలు ఏర్పడగానే మేకల కాపరి ఆక్రమణదారుడవుతాడు. కంచ పోయి కంచె మిగులుతుంది. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌కు పాతపేరు ‘బాగె ఆమ్’, సామాన్యుల తోట. ‘ఆమ్’ అన్న మాటలో ఎవరెవరు చేరతారన్నది ప్రతి ఉద్యాన ప్రణాళికకూ వేయవలసిన ప్రశ్న. మార్చుకోగలిగినదే చేయాలన్న సూత్రం ఉద్యాన నిర్మాతకూ వర్తిస్తుంది. అతడు తక్కువ నాటాలి, తక్కువ కట్టాలి, ఉన్నవారి వాడుకను ముందుగా నమోదు చేయాలి.

ఉపసంహారం

ఉమ్మడి నేలను గురించిన నిర్ణయంలో వర్తమాన తరం ఒక పక్షం మాత్రమే. సప్తసంతాన భావన నుంచి కర్తవ్యాన్ని, ధర్మకర్తృత్వ సిద్ధాంతం నుంచి అధికార పరిమితిని, ఖాండవ కథ నుంచి మాటలేనివారి పట్ల జాగరూకతను గ్రహిస్తే, ఉద్యానవన ప్రణాళిక నైతిక ప్రమాణం స్పష్టమవుతుంది. రేపటివారు కాదనగలిగే వీలు మిగిల్చిన నిర్ణయమే ధర్మబద్ధమైనది. ఆ దృష్టితో చూసినప్పుడు పోరంబోకు ఖజానా లెక్కకు వెలుపలిదే అయినా, మన బాధ్యతకు వెలుపలిది కాదు. ఆ మాట తిట్టుగా మారడంలో తప్పు నేలది కాదు, దాన్ని కొలిచిన కొలతది.