స్లో పెంచితే సరిపోతుందా?

పదిహేనేళ్ల నాటి స్ప్లెండర్ అనుకుందాం. పొద్దున పది కిక్కులు కొడితే గానీ అందుకోదు, అందుకున్నాక సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. మెకానిక్ దగ్గరికెళ్లి ఎవరైనా అనే మాట ఒకటే: "అన్నా, కొంచెం స్లో పెంచు." అతను కార్బురేటర్ పక్కనున్న స్క్రూని అర చుట్టు తిప్పుతాడు. బండి ఇక ఆగదు. ఇరవయ్యో ముప్పయ్యో చేతిలో పెట్టి వచ్చేస్తాం. ఇందులో ఎవరైనా ఎవరినైనా మోసం చేశారా?

ఆ స్క్రూ ఏం చేస్తుందో ముందు చూద్దాం. యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు కార్బురేటర్‌లో దారి దాదాపు మూసుకుపోతుంది. అప్పుడు ఇంజన్ బతికేది పైలట్ జెట్ నుంచి వచ్చే పెట్రోలు మీదే. దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. అందులో నలుసు పడినా, కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ప్యాకింగ్ దెబ్బతిని పక్కనుంచి గాలి లాగినా, పెట్రోలు పాలు తగ్గి బండి ఆగిపోతుంది. స్లో పెంచితే లోపలి స్లైడ్ కాస్త పైకి లేచి, పెట్రోలు ఇంకో దారిన వస్తుంది. జెట్టు మూసుకునే ఉంది, గాలి లాగుతూనే ఉంది. మనకి తెలియడం మానేసింది, అంతే.

అసలు కారణం పట్టుకోవడం బ్రహ్మవిద్యేం కాదు గానీ, వరస తప్పకూడదు. ప్లగ్గు విప్పి చూడాలి. తడిగా ఉంటే పెట్రోలు వస్తున్నట్టే, కరెంటు సంగతి చూడాలి. పొడిగా ఉంటే పెట్రోలే రావట్లేదు. చోక్ వేస్తే నడిచి, తీస్తే ఆగిపోతుంటే పెట్రోలు చాలట్లేదని లెక్క. ఇలా ఒక్కో అనుమానాన్నీ కొట్టేసుకుంటూ పోవాలి. గంట పట్టొచ్చు, పూట పట్టొచ్చు.

ఆ పూట ఎవరిది? బండి మీద డెలివరీలు చేసే కుర్రాడికి పూట పోతే ఆ పూట సంపాదన పోయినట్టే. అతనికి స్లో పెంచి పంపడం దయే. తప్పు స్క్రూ తిప్పడంలో లేదు, "అయిపోయింది, పో" అనడంలో ఉంది. "స్లో పెంచాను, రోగం అలాగే ఉంది, ఖాళీ చూసుకుని రా తమ్ముడూ" అన్నా చేసిన పని అదే. కానీ ఇప్పుడు నిర్ణయం కుర్రాడి చేతిలో ఉంది. మొదటి మాట ఆ నిర్ణయాన్ని అతనికి చెప్పకుండానే తీసేసుకుంది.

చిక్కేమిటంటే, రెండో మాట చెప్పే మెకానిక్‌ని మనం అనుమానిస్తాం. ఇంకా డబ్బులు గుంజడానికే అనుకుంటాం. పక్క షాపులో "అయిపోయింది" అనేవాడే మనకి పనిమంతుడిలా కనిపిస్తాడు. అంటే ఆ మౌనంలో సగం మనం కొనుక్కున్నదే.

2020 ఏప్రిల్‌లో బీఎస్6 నిబంధనలు వచ్చాక స్ప్లెండర్‌లాంటి బళ్లు కార్బురేటర్ వదిలేసి ఇంజెక్షన్‌కి మారాయి. వాటిలో తేడా వస్తే మీటర్‌లో దీపం వెలుగుతుంది. నిజం చెబితే గిరాకీ పోతుందన్న భయం ఆ దీపానికి లేదు. పాత బండికి ఆ దీపం పని మనిషే చెయ్యాలి. చేసినందుకు అతని గిరాకీ పోకుండా చూడటం మాత్రం మన పని.