కాలం మాన్పుతుందా?

‘కాలమే అన్ని గాయాలనూ మాన్పుతుంది’ అనే మాట ఎవరు ఎవరితో అంటారో గమనించారా? కొట్టినవాడితో ఎవరూ అనరు. దెబ్బలు తిన్న ఆడదాన్ని తిరిగి ఆ ఇంటికే పంపడానికి రాజీ కుదిర్చే పెద్దమనుషులు అంటారు. ఒక్కోసారి కన్నతల్లే అంటుంది. ఓదార్పులా వినిపించే ఆ మాటలో ఒక తీర్పు ఉంది: నువ్వు ఊరుకో, మిగతాది కాలం చూసుకుంటుంది. నాకు ఈ మాట మీద చాలాకాలంగా కోపం. చర్మం గురించి చదివాక ఆ కోపానికి ఆధారం కూడా దొరికింది.

చర్మం పైపొర అడుగున పుట్టిన కణాలు మెల్లగా పైకి జరిగి, చదునై, చచ్చి, పొట్టులా రాలిపోతుంటాయి. పడుచు వయసులో ఈ చుట్టు తిరగడానికి సుమారు నెల పడుతుంది, వయసు మీదపడితే ఇంకా ఎక్కువ. గీరుకున్నది పైపొరలోనే ఆగితే మచ్చ కూడా మిగలదు. లోపొర దాకా తెగితే సంగతి వేరు. నెత్తురు గడ్డకట్టి పక్కు కడుతుంది. తెల్లకణాలు చేరి సూక్ష్మజీవుల్నీ చచ్చిన కండనీ తినేసి శుభ్రం చేస్తాయి. ఆ వాపూ సలుపూ అప్పటివే. కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. కొల్లాజెన్ అనే పోగులు హడావుడిగా అల్లుకుంటాయి. ఆ తర్వాత నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటినా, ఆ పోగుల్ని విప్పి గట్టివాటితో మళ్ళీ అల్లుతూనే ఉంటుంది ఒళ్ళు. ఇంత చేసినా మచ్చకు పాత చర్మపు బలంలో 80 శాతానికి మించి రాదు.

ఇందులో కాలం చేసిన పనేమిటి? పని చేసింది ఒళ్ళు. దానికి తిండి కావాలి, నిద్ర కావాలి, అన్నిటికన్నా ముందు అదే చోట మళ్ళీ దెబ్బ తగలకూడదు.

1740లో ఇంగ్లండు నుంచి జార్జ్ ఆన్సన్ నాయకత్వంలో బయల్దేరిన యుద్ధనౌకల్లో స్కర్వీ వ్యాధి వందలమందిని పొట్టనబెట్టుకుంది. ఆ యాత్రా గ్రంథంలో ఒక ముసలి సిపాయి సంగతి ఉంది. 1690లో ఐర్లండులో బోయిన్ యుద్ధంలో తగిలి, మానిపోయి 50 ఏళ్ళయిన గాయాలు ఓడ మీద మళ్ళీ తెరుచుకున్నాయట, అసలెన్నడూ మాననట్టు. కారణం ఇప్పుడు తెలుసు. మచ్చలోని కొల్లాజెన్ కొద్దికొద్దిగా కరుగుతూ, మళ్ళీ తయారవుతూ ఉంటుంది. ఆ తయారీకి సి విటమిన్ కావాలి. అది అందకపోతే తయారీ ఆగుతుంది, కరగడం మాత్రం ఆగదు. అంటే మానిపోయిందనుకున్న గాయాన్ని ఆ ఒళ్ళు 50 ఏళ్ళపాటు రోజూ మాన్పుతూనే ఉందన్నమాట! ఇది చదివినప్పుడు నాకు ఇంటిపని గుర్తొచ్చింది. చేసినన్నాళ్ళూ ఎవరి కంటికీ ఆనదు, ఆగిన రోజునే కనిపిస్తుంది.

దెబ్బను రోజుల్లో కొలిచే అలవాటు చట్టానికీ ఉంది. 1860 నాటి శిక్షాస్మృతిలో తీవ్ర గాయానికి ఉన్న కొలతల్లో ఒకటి, 20 రోజులు తీవ్రమైన నొప్పితో ఉండటం లేదా తన మామూలు పనులు చేసుకోలేకపోవడం. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత దాన్ని 15 రోజులకు తగ్గించింది. చట్టానికి ఎక్కడో ఒక గీత తప్పదు, నిజమే. కానీ ఎవరి మామూలు పనులు? వాచిన చేత్తోనే మూడోనాడు బియ్యం కడిగి ఎసట్లో పోసి, పిల్లకు జడ వేసి బడికి పంపిన మనిషి ఈ లెక్కలో ఎక్కడుంటుంది? ‘లేచి తిరుగుతూనే ఉందిగా’ అంటారు. చేయకపోతే గడవదు కాబట్టి చేసిన పని ఆమెకే ఎదురు సాక్ష్యమవుతుంది.

మానడం ఆమె ఒంటి శక్తి. దాన్ని కొట్టినవాడి ఖాతాలో జమ వేసి, అతని బాకీ తగ్గించే హక్కు ఎవరికుంది? మాన్పుకోవడానికి ఆమెకైన ఖర్చు కూడా ఆ బాకీలోకే చేరాలి కదా! ‘ఇన్నాళ్ళయింది, ఇంకా ఎందుకు తవ్వుకుంటావు?’ అని అడిగే పెద్దమనుషులు, ఆ ఇన్నాళ్ళూ ఆమెకు అన్నం ఎవరు వండిపెట్టారో, బిందెలు ఎవరు మోశారో, అతని చెయ్యి మళ్ళీ లేవకుండా ఎవరు అడ్డం నిలబడ్డారో ఒక్కసారైనా ఎందుకు అడగరు?