ఒప్పందము ముగిసిన పిమ్మట

వ్రాసిన ఒప్పందము చెల్లించినంతనే మన బాధ్యత తీరునా?

1859లో జార్జి ఎలియట్ (ఇది ఒక ఆంగ్ల స్త్రీ పెట్టుకొనిన మగపేరు) 'ఆడమ్ బీడ్' నవలపై నాలుగేండ్ల హక్కును జాన్ బ్లాక్‌వుడ్ అను ప్రకాశకునికి 800 పౌనులకిచ్చెను. పుస్తకము విరివిగా అమ్ముడుపోగా, ఒప్పందములో లేని సొమ్మును అతడు అదనముగా చెల్లించెను. అయినను 1862లో ఆమె అతనిని విడిచి జార్జి స్మిత్‌నొద్దకు వెళ్లెను.

'రొమోలా' నవలకు స్మిత్ 10,000 పౌనులిచ్చెదననెను. అయితే అతడు కోరినన్ని ముక్కలుగా కథను కోయుట కిష్టపడక, ఆమె 7,000కే సమ్మతించెను. కష్టమునకు కూలి అడుగుట తప్పని నేననను. పని చెడునని కూలి తగ్గించుకొనువారు మాత్రము అరుదు. ఆ నవల స్మిత్‌నకు లాభము తేలేదు. ఆమె అచ్చియున్నది ఏమియు లేదు. అయినను 1864లో 'బ్రదర్ జేకబ్' అను కథను అతనికి ఉచితముగా ఇచ్చెను.

మరి బ్లాక్‌వుడ్? 1866లో ఆమె తిరిగి రాగా, 'ఫీలిక్స్ హోల్ట్' నవలను 5,000 పౌనులకు తీసికొనెను.