వరమును దినచర్యయు

ప్రతిభ వరమని మనమందరము ఒప్పుకొందుము. అయితే ఆ వరము పొందినవాడు ప్రతిదినము వేళ తప్పక పనికి కూర్చుండవలెనా? లేక మనస్సు పొంగు దినముకొరకు కనిపెట్టియుండవచ్చునా?

మన ములుగునకు చేరువనే, పాలంపేటలో, రామప్ప దేవాలయమున్నది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దానిని నిర్మింపజేసెనని శాసనము తెల్పుచున్నది. పని సుమారు 40 ఏండ్లు సాగెనందురు. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. చూడవచ్చినవారు నల్లరాతి నర్తకీ విగ్రహములయెదుట నిలిచిపోవుదురు. ఆ రాయి మిక్కిలి కఠినము. ఒక్క ఉలిదెబ్బ తప్పినయెడల ఎన్నో దినముల పని వ్యర్థమగును. అట్టి రాతిమీద ఉత్సాహము ఒక దినము పనిచేయును. తక్కిన దినములన్నియు పనిచేయునది అలవాటే.

కంటికి ఆనని పనిని కూడ ఆలోచించుడి. పునాది గోతిని ఇసుకతో నింపి దానిపై కట్టడమును నిలిపిరి. శిఖరపు బరువు తగ్గుటకై నీటిమీద తేలునంత తేలికయైన ఇటుకలను చేసిరి. పునాదిలోని ఇసుకను ఎవరును మెచ్చుకొనరు. అయినను దాని ఆధారముననే నర్తకి నిలిచియున్నది. పునాది త్రవ్వినవారిలో ఎందరు శిఖరమును కన్నులార చూచిరో! ఒకడు విడిచిన చోటనుండి మరియొకడు అందుకొనవలెనన్న, ఎవరి వంతు వారు ఏనాటికానాడు ముగించియుండవలెను. గనుక నియమము మన తరువాత వచ్చువారికి మనము చెల్లింపవలసిన ఋణము కూడ.

ఆ శిల్పులు తమ పనివేళలను వ్రాసి పెట్టలేదు. వ్రాసి పెట్టినవాడొకడు ఇంగ్లండు నవలాకారుడు ఆంథొనీ ట్రాలొప్. ఆయన బహుకాలము తపాలాశాఖ ఉద్యోగి. ఉదయము అయిదున్నరకే బల్లయొద్ద కూర్చుండి, ఎదుట గడియారముంచుకొని, పావుగంటకు 250 మాటల చొప్పున వ్రాసెడివాడు. 47 నవలలు విడిచిపోయెను. ఆయన మరణానంతరము 1883లో అచ్చయిన స్వీయచరిత్రవలన ఈ సంగతి తెలియగా, కళను కూలిపని చేసెనని కొందరు చులకనచేసిరి.

కూలిపని కళకు అవమానమా? గడియారమొక్కటే ఎవనిని శిల్పిగా చేయజాలదు, నిజమే. వరము ఎప్పుడు తలుపు తట్టునో మనకు తెలియదు. అది తట్టునప్పుడు మనలను ఇంటనుంచునది నియమమే.

చదువరీ, నీకు పాటయో, కుట్టుపనియో, వ్రాతయో అబ్బియుండవచ్చును. దానికి దినమునకు అరగంట కేటాయించుము. మనస్సు లేని దినమున కూడ ఆ అరగంటను అపహరింపకుము.