అప్పు ఎవరిది? తీర్చింది ఎవరు?



మీరు ఎన్నడూ తీసుకోని అప్పును మీచేత కట్టిస్తే అది న్యాయమేనా? కాదని వెంటనే అంటారు. కాని మీరు కట్టకపోతే పొరుగింటి ముసలమ్మ దాచుకున్న సొమ్ము మునిగిపోతుందంటే ఏం చేస్తారు? చెక్ దేశ ప్రజలకు నిజంగానే ఈ చిక్కు ఎదురైంది.

1989లో చెకొస్లొవేకియాలో కమ్యూనిస్టు పాలన కూలిపోయింది. అంతవరకు ఏ కర్మాగారానికి ఎంత సొమ్ము ఇవ్వాలో ప్రణాళికే నిర్ణయించేది. అది తిరిగి వస్తుందా అని అడగవలసిన పని బ్యాంకుకు లేదు. 1990లో కేంద్ర బ్యాంకు నుండి వాణిజ్య బ్యాంకులను విడదీశారు. 1992లో కూపన్ల పద్ధతిన కొన్ని వాటాలు పౌరులకు చేరాయి. పెద్ద వాటా మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయింది. పైగా ఆ కూపన్లను పోగుచేసిన పెట్టుబడి నిధులలో పెద్దవి బ్యాంకులు నెలకొల్పినవే. అప్పు ఇచ్చే బ్యాంకు మనుషులే, అప్పు పుచ్చుకొనే కంపెనీలో వాటాలు చూసుకుంటుంటే "ఇవ్వము" అనేదెవరు? మొండి బాకీలు కొండలా పెరిగాయి.

చివరకు ప్రభుత్వం వేల కోట్ల కొరూనాల బాకీలను తన నెత్తికెత్తుకొని, ఆ తరువాతే బ్యాంకులను అమ్మింది. 2001లో కొమెర్చ్ని బ్యాంకు ఒక ఫ్రెంచి బ్యాంకు పరమైంది. ప్రభుత్వం నెత్తికెత్తుకోవడమంటే పన్ను కట్టే ప్రతి కూలీ నెత్తికి ఎత్తడమే.

అయితే అమ్మకమే పాపమా? కాదు. ప్రభుత్వం చేతిలో ఉండడమే పుణ్యమూ కాదు. ఆ బాకీలలో చాలాభాగం ప్రభుత్వ ఛాయలోనే పెరిగాయి. ప్రైవేటుపరం చేసినంతనే రోగం కుదరదు కూడా. 1998లో ప్రభుత్వం తన వాటా అమ్మివేసిన ఐ.పి.బి. అనే బ్యాంకు 2000 జూన్‌లో కుప్పకూలింది. సొమ్ముకోసం జనం బారులు తీరారు.

డిపాజిటుదారులను కాపాడడం న్యాయమే. అన్యాయం మరొకచోట ఉంది. తీర్చలేరని తెలిసీ అప్పు ఇచ్చినవారిని, తీర్చే తలంపు లేకుండా తీసుకున్నవారిని ముందు నిలదీయాలి. నిరపరాధి జేబు ఆఖరున ముట్టవలసినది. వరుస తారుమారైతే అది దయ పేరిట జరిగే దోపిడీయే. 1991లో రెండవ జాన్ పాల్ పోపుగారు తమ విశ్వలేఖ 'సెంతేసిముస్ ఆన్నుస్'లో మార్కెట్టు మేలును ఒప్పుకుంటూనే, దానికి చట్టపు కట్టుబాటు ఉండాలన్నది ఇందుకే.

2000లో చెక్ పొదుపు బ్యాంకును కొన్న ఆస్ట్రియా వారి ఎర్‌స్టె బ్యాంకు కథ వినండి. 1819లో వియన్నాలో యోహాన్ బాప్టిస్ట్ వెబర్ అనే విచారణ గురువు తోడ్పాటుతో, పేదలకు పొదుపు నేర్పడానికి అది పుట్టింది. బ్యాంకులో ఉన్నది ఎవరిదో ఒకరి చెమట అని ఆ గురువుకు తెలుసు.

మనమూ మొహమాటానికి ఎవరి అప్పుకో హామీ సంతకం చేస్తుంటాం. అది మునిగితే ఎవరి ఇంట కంచం ఖాళీ అవుతుందో, కలం పట్టేముందు ఒక్కసారి ఆలోచించామా?