చిరంజీవికి: ప్రతిభ గురించి, జీనియస్ గురించి

ప్రతిభకు దారి ఉంటుంది. గురువు చూపిన పద్ధతిని పట్టుకుని, ఏళ్ల తరబడి సాధన చేసి, పదిమంది కంటే చక్కగా పని చేసేవారు ప్రతిభావంతులు. ఎలా చేశారో చెప్పగలరు, శిష్యులకు నేర్పగలరు. జీనియస్ దగ్గర ఫలితం ముందు పుడుతుంది. అక్కడికి దారి వెతకడం తరచుగా మిగతావారి వంతు అవుతుంది.

శ్రీనివాస రామానుజన్ ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా ఉంటూ 1913 జనవరిలో కేంబ్రిడ్జి గణితవేత్త జి.హెచ్. హార్డీకి ఆయన రాసిన ఉత్తరం నిండా సూత్రాలే. నిరూపణలు దాదాపు లేవు. కొన్ని హార్డీకి తెలిసినవే, కొన్ని మాత్రం ఎన్నడూ చూడనివి. ప్రధాన సంఖ్యల మీద రాసినవాటిలో తప్పులూ ఉన్నాయి. జీనియస్ తప్పు చేయడనుకోవడం భక్తే గాని అవగాహన కాదు.

హార్డీతో కలిసి రామానుజన్ చేసిన పనిలో ఒకటి విభజనల సమస్య: ఒక సంఖ్యను ధన పూర్ణసంఖ్యల మొత్తంగా ఎన్ని విధాల రాయవచ్చన్నది. 4ను 5 విధాల రాయవచ్చు. 200కు వచ్చేసరికి ఆ లెక్క దాదాపు 3.97 లక్షల కోట్లు. 1918లో హార్డీ, రామానుజన్ ప్రచురించిన సూత్రం మొదటి ఎనిమిది పదాలతోనే ఆ సంఖ్యను పట్టిచ్చింది. సరిపోల్చి చూడటానికి ఆధారమైంది మేజర్ పెర్సీ మాక్‌మాన్ చేతిలెక్క. 200 వరకు ఒక్కొక్క విలువనూ ఆయన ఓపికగా కట్టి పట్టిక తయారుచేశారు. ఇంతటి శ్రమను జీనియస్ పక్కన పెట్టి చిన్నబుచ్చడం తగదు.

హార్డీ గణితవేత్తల సహజశక్తికి మార్కులు వేస్తూ తనకు 25, లిటిల్‌వుడ్‌కు 30, హిల్బర్ట్‌కు 80, రామానుజన్‌కు 100 ఇచ్చారని చెబుతారు. ఆ ఉత్తరం విలువ గుర్తించి, రామానుజన్‌ను కేంబ్రిడ్జికి రప్పించి, నిరూపణ అంటే ఏమిటో నేర్పింది ఆ 25 మార్కుల మనిషే. తాను జీనియస్ అవునా కాదా అని తర్కించుకుంటూ వయసు గడిపేసే యువకులు ఆ 25ను కూడా చేజార్చుకుంటారు.

రామానుజన్ ఎఫ్.ఏ. (ఫస్ట్ ఆర్ట్స్) పరీక్ష తప్పిన మాట నిజం; గణితం తప్ప మిగతా చదువు వదిలేయడమే కారణం. పరీక్ష పోవడమే గొప్పతనానికి గుర్తని మురిసేవారు ఆయన నోటుపుస్తకాలు చూడాలి. కాగితం ఖరీదు కావడంతో పలక మీద చేసి, చెరిపి, ఫలితం మాత్రం ఎక్కించిన సూత్రాలు వాటిలో వేలున్నాయి. సాధన ఆయనకూ తప్పలేదు. 1920లో 32 ఏళ్లకే ఆయన కన్నుమూశాక, ఆ సూత్రాలను ఒక్కొక్కటిగా పరిశీలించి నిరూపణలు సమకూర్చే పని దశాబ్దాలు సాగింది. బ్రూస్ బెర్న్‌ట్ సంపాదకత్వంలో 1985 నుంచి 1998 వరకు అవి అయిదు సంపుటాలుగా వెలువడ్డాయి.